కన్ను బాగున్నను చూపు తగ్గునా?

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతులలో మా శాఖ పక్షమున చేసిన ప్రసంగ పాఠము)



మా శాఖవారు మీ యెదుట నిలిచినప్పుడెల్ల త్రాగునీటిని గూర్చియో, టీకాలను గూర్చియో, పారిశుద్ధ్యమును గూర్చియో చెప్పుదురని మీరు ఎరుగుదురు. నేడు మేము చెప్పబోవునది మీరు అంతగా వినియుండని విషయము. అది ఒక జబ్బు. దాని పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. మన దేశమున ఈ జబ్బు గలవారు అరుదు. మీ గ్రామమున ఒక్కరును లేకపోవచ్చును. ఇట్టి జబ్బును గూర్చి పంచాయతీ సభ్యులకు చెప్పుట యేల యని మీరు అడుగవచ్చును. అందుకు సమాధానముగా మొదట మా పొరపాటు నొకదానిని మీకు విన్నవించుకొనవలసి యున్నది.

కొన్నియేండ్ల క్రిందట మేము ఒక గ్రామమునకు నేత్ర పరీక్షా శిబిరముతోపాటు పోయితిమి. జనమును రప్పించుట, వరుసలో నిలుపుట, మైకులో ప్రకటనలు చేయుట మా పని. ఇరువదియైదేండ్ల కోడలొకతె అత్తగారితో వచ్చినది. వారము దినములుగా కుడికన్ను మసకబారినదనియు, కంటిని ప్రక్కకు త్రిప్పినచో లోపల నొప్పి పుట్టుచున్నదనియు, తాను కట్టిన ఎఱ్ఱచీర ఆ కంటికి వెలిసిపోయినట్లు కనబడుచున్నదనియు చెప్పినది. పరీక్షించినవారు దీపము వేసి చూచిరి. శుక్లము లేదు, పువ్వు లేదు, ఎఱ్ఱదనము లేదు. కన్ను శుభ్రముగా నున్నదనిరి. అత్తగారు మా వైపు తిరిగి, "కన్ను బాగానే ఉందంటున్నారు గదయ్యా, మరి దీనికి కనపడకపోవటమేంటి?" అని అడిగినది. మేము మైకు చేతబట్టుకొనియే, "కన్ను బాగుందమ్మా, భయం లేదు, ఇంటికి వెళ్లండి" అంటిమి. వరుసలోనివారు కొందరు నవ్విరి. అది మిరప కోతల కాలము. పని తప్పించుకొనుటకు పన్నిన ఉపాయమని వారు తలచిరి. ఆ పిల్ల తల వంచుకొని పోయినది.

రెండు నెలలలో ఆ కన్ను తనంతట తానే చాలవరకు కుదుటబడినది. అందుచే నవ్వినవారి మాటయే నిజమని ఊరు నమ్మినది. ఏడాదిన్నర గడచిన పిమ్మట మరల ఆ గ్రామమునకు పోయినప్పుడు ఆమె గోడ పట్టుకొని నడచుచుండుట చూచితిమి. కాలు తిమ్మిరెక్కి పట్టు తప్పుచుండగా నగరమునకు తీసికొనిపోయిరి. అచ్చటి వైద్యులు మెదడునకు ఎం.ఆర్.ఐ. తీసి, మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేల్చిరి. శిబిరమునాటి కంటి మసక ఆ జబ్బు పంపిన తొలి కబురని వారు చెప్పిరట. మేము వైద్యులము కాము. అయినను "భయము లేదు" అన్నవారము మేమే. ఆ మాటను సరిదిద్దుకొనుటకై నాటి నుండి వైద్యుల నడిగియు, గ్రంథములు చదివియు తెలిసికొన్న సంగతులను మీ ముందుంచుచున్నాము.

చూపు ఎచ్చట పుట్టును?

చూచునది కన్ను అని మనమందరము అనుకొందుము. అది సగము మాత్రమే నిజము. కన్ను వెలుగును పట్టును. ఆ వెలుగును అర్థము చేసికొనునది మెదడు. కంటి లోపలి వెనుక గోడపై రెటీనా అను సన్నని పొర కలదు. దానినుండి సుమారు 10 నుండి 12 లక్షల సన్నని పోగులు ఒక కట్టగా చేరి కంటి వెనుకకు పోవును. దానిని దృష్టినాడి యందురు. రెండు కండ్ల నాడులును ముక్కునకు వెనుక, మెదడు అడుగున కలిసికొని, సగము పోగులను ఒండొంటికి మార్చుకొనును. అందుచే మనకు ఎడమవైపున నున్న దృశ్యము, ఏ కంటితో చూచినదైనను, మెదడు కుడిభాగమునకు చేరును. కుడివైపు దృశ్యము ఎడమభాగమునకు చేరును. అచ్చటినుండి ఆ కబురు తల వెనుక భాగమునకు, మనము పరుండినపుడు దిండుపై ఆనించు చోటికి పోవును. అచ్చట గీత, రంగు, కదలిక వేరువేరుగా పరిశీలింపబడి, మరల ఒక్కటిగా కూర్చబడి, "ఇది ఎద్దు, ఇది బండి, అది మన వైపునకే వచ్చుచున్నది" అను జ్ఞానము కలుగును.

ఈ దారిలో కబురు ఎంత వేగముగా పోవునో మీకు ఒక పోలికతో చెప్పుదుము. మీరందరు కాలువలు ఎరిగినవారు. లైనింగు వేసిన కాలువలో నీరు ఇంకిపోక, వేగముగా చివరి ఆయకట్టునకు చేరును. లైనింగు పగిలినచోట నీరు ఇంకిపోవును. చివరి పొలమునకు ఆలస్యముగా వచ్చును, లేదా రానే రాదు. తూము వద్ద నిలిచి చూచినవానికి నీరు నిండుగానే కనబడును. చివరి రైతు మాత్రము ఎండిన మడిలో నిలిచియుండును. దృష్టినాడిలోని పోగులకును ఇట్టి లైనింగు వంటిది కలదు. దానిని మైలిన్ అందురు. అది క్రొవ్వుతో కూడిన తొడుగు. ఆ తొడుగు ఉండుటచేతనే నాడిలోని విద్యుత్తు వంటి కబురు ఒక సందునుండి మరియొక సందునకు గంతు వేయుచు శీఘ్రముగా పోగలుగుచున్నది.

మన దేహమున రోగక్రిములతో పోరాడు రక్షణ బలగము ఒకటి కలదు. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో ఆ బలగమే పొరపాటున ఈ మైలిన్‌ను శత్రువుగా భావించి దాడి చేయును. కావలివాడే ఇంటివానిపై కఱ్ఱ యెత్తినట్లు జరుగును. దాడి జరిగిన చోట వాపు కలుగును, తొడుగు ఊడును, పిదప మచ్చ గట్టిపడును. 1868లో ప్యారిస్ నగరపు సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో షార్కో అను వైద్యుడు ఇట్టి రోగుల మెదడులను, వెన్నుపాములను మరణానంతరము పరిశీలించి, అక్కడక్కడ గట్టిపడిన మచ్చలను వర్ణించి, దీనిని ప్రత్యేకమైన జబ్బుగా నిరూపించెను. జబ్బు పేరునకు అర్థము కూడ అదియే: అనేక స్థలములలో గట్టిపడుట. మెదడు, వెన్నుపాము, దృష్టినాడి, ఈ మూడును ఈ జబ్బునకు నెలవులు.

తొలి కబురు కంటికే వచ్చుట

ఈ జబ్బు గలవారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి మొదటి లక్షణము కంటియందే కనబడును. రోగకాలమంతటిలో సుమారు సగము మందికి ఎప్పుడో ఒకప్పుడు దృష్టినాడి వాచును. దీనికి వైద్యులు ఆప్టిక్ న్యూరైటిస్ అని పేరు పెట్టిరి. దీని తీరును మీరు జ్ఞాపకముంచుకొనవలెను. సాధారణముగా ఒక్క కంటికే వచ్చును. కొన్ని గంటలనుండి కొన్ని దినములలో చూపు మసకబారును. కంటిని కదిపినపుడు లోపల నొప్పి పుట్టును. చూపు నట్టనడుమ పొగ క్రమ్మినట్లుండును. రంగులు, అందులోను ఎఱుపు, కడిగివేసినట్లు వెలిసి కనబడును. రెండు వారములలోపల చూపు మిక్కిలి తగ్గి, తరువాత కొన్ని వారములలో మెల్లగా మరలివచ్చును.

మూడింట రెండు వంతుల సందర్భములలో వాపు కంటిగుడ్డునకు వెనుకగా నుండును. అందుచే కంటిలో దీపము వేసి చూచినవారికి ఏమియు కనబడదు. రోగికిని కనబడదు, వైద్యునికిని కనబడదు అని వైద్యులే హాస్యమునకు చెప్పుకొందురు. ఆనాడు మా శిబిరమున జరిగినది ఇదియే. తూము వద్ద నీరు చూచి, చివరి రైతు అబద్ధమాడుచున్నాడని మేము తీర్పు చెప్పితిమి.

అట్లని దీనిని కనుగొనుటకు ఉపాయము లేకపోలేదు. అనుభవజ్ఞుడైన నేత్రవైద్యుడు చీకటిగదిలో చిన్న దీపమును ఒక కంటినుండి మరియొక కంటికి మార్చి మార్చి చూపును. ఆరోగ్యమైన కంటిపై వెలుగు పడినపుడు రెండు కనుపాపలును ముడుచుకొనును. జబ్బుపడిన కంటివైపు దీపము త్రిప్పగనే, ముడుచుకొనవలసిన పాప విప్పుకొనును. ఇది రోగి నటించుటకు వీలులేని సాక్ష్యము. పనికి జంకి అబద్ధమాడుచున్నదని కోడలిని నిందించువారికి ఆ చిన్న దీపమే జవాబు.

ఒక రాకుమారుని దినచర్య

ఈ జబ్బు ఎంత మెల్లగా, ఎంత మాయగా వచ్చునో తెలుపు పాత వృత్తాంతము ఒకటి కలదు. ఇంగ్లండు రాజైన మూడవ జార్జికి మనుమడు అగస్టస్ డెస్టే. ఇతడు 1794లో పుట్టెను. 1822 డిసెంబరులో తనకు తండ్రి వంటి బంధువును చూచుటకు స్కాట్లండునకు పోయి, ఆయన అప్పటికే మరణించుటచే అంత్యక్రియలకు మాత్రమే అందుకొనెను. ఆ తరువాత కొలదికాలమునకే చిన్న అక్షరములు మసకబారి, ఉత్తరములను ఇతరులచే చదివించుకొని, జవాబులు ఇతరులచే వ్రాయించుకొనవలసివచ్చెను. ఏ వైద్యమును లేకయే చూపు పూర్తిగా కుదుటబడెను. దుఃఖముచే కలిగిన బాధయని ఎవరైనను అనుకొందురు గదా!

కాని 1827లో ఇటలీ దేశపు ఫ్లారెన్సు నగరమున అతనికి ప్రతి వస్తువును రెండుగా కనబడసాగెను. పైత్యమని తలచి వైద్యుడు కణతలకు జలగలు పట్టించెను, రక్తము తీసెను. కొంతకాలమునకు ఆ బాధయు పోయెను. జలగల మహిమయనియే అందరును అనుకొనియుందురు. పిదప కాళ్లు బలహీనపడెను. క్రమముగా చేతికఱ్ఱ, ఆపైన చక్రముల కుర్చీ వచ్చెను. 1848లో అతడు మరణించెను. తన బాధలనన్నిటిని దినచర్య పుస్తకములో వ్రాసియుంచినందున, నూరేండ్ల తరువాత 1948లో అది అచ్చుపడినపుడు, ఇది మల్టిపుల్ స్క్లెరోసిస్ అనియు, ఒక రోగి స్వయముగా వ్రాసిన తొలి వృత్తాంతమనియు లోకము గుర్తించెను.

రాజుగారి మనుమనికే ఇరువదియారేండ్లు జబ్బు పేరు తెలియలేదు. అప్పటికి ఆ పేరు లేదు. షార్కో ఇంకను వర్ణింపలేదు. ఇప్పుడు పేరు కలదు, పరీక్ష కలదు, మందు కలదు. అయినను మన గ్రామమున నొక పిల్లకు ఏడాదిన్నర వృథాయైనది. కంటి చూపు తనంతట తాను మరలివచ్చుటయే ఇందులోని మోసము. మరలివచ్చినది గనుక జబ్బు పోయినదని తలతుము. మంత్రించినవారో, పసరు పోసినవారో ఆ కీర్తిని పొందుదురు. జబ్బు మాత్రము లోపల తన పని తాను చేసికొనుచుండును.

ఆలస్యముగా వచ్చు కబురు

తొడుగు ఊడిన పోగునకు మెదడులోని కొన్ని కణములు మరల కొంత తొడుగు వేయగలవు. కాని క్రొత్త లైనింగు పాతదానికంటె పలుచన. అందుచే చూపు వచ్చినను వేగము పూర్తిగా రాదు. దీనిని 1972లో ఇంగ్లండులో హాలిడే, మెక్‌డొనాల్డ్, ముషిన్ అను వైద్యులు చక్కగా నిరూపించిరి. నలుపు తెలుపు గళ్లు గల పటమును రోగికి చూపి, ఆ గళ్లను తారుమారు చేయుచు, తల వెనుక అంటించిన తీగల ద్వారా మెదడు స్పందనను కొలుతురు. ఆరోగ్యవంతులలో ఆ స్పందన సెకండులో పదియవ వంతునకు వచ్చును. దృష్టినాడి వాచినవారిలో ఆలస్యముగా వచ్చును. చూపు బాగుపడిన తరువాత కూడ ఆ ఆలస్యము సాధారణముగా నిలిచియుండును. ఈ పరీక్ష నేటికిని వాడుకలో నున్నది.

ఒక కంటి కబురు ముందును, రెండవ కంటి కబురు వెనుకను వచ్చినచో మెదడు ఏమి చేయును? రెండు కండ్ల కబురులను పోల్చియే మెదడు దూరమును కొలుచును. వాటి నడుమ కాలభేదము కలిగినచో కదలుచున్న వస్తువు ఉన్నచోట గాక మరియొక దూరమున ఉన్నట్లు తోచును. దారమునకు రాయి కట్టి ఎడమకును కుడికిని ఊపినచో, అది తిన్నగా ఊగుచున్నను, గుండ్రముగా తిరుగుచున్నట్లు వారికి కనబడును. 1922లో జర్మనీ శాస్త్రజ్ఞుడు కార్ల్ పుల్ఫ్రిచ్ ఈ వింతను వివరించెను. ఆయనకు ఒక కన్ను కనబడదు; అందుచే తాను వివరించిన వింతను తానే చూడలేకపోయెను. ఇది వినోదమునకు చెప్పుట కాదు. రోడ్డు దాటునపుడు మోటారు సైకిలు ఎంత దూరమున నున్నదో తెలియకపోవుట, గ్లాసులో నీరు పోయునపుడు బయట ఒలుకుట, ఇట్టివి ఈ కారణముననే జరుగవచ్చును.

మరియొక సంగతి. వైద్యుని గదిలోని పటముపై అక్షరములు తెల్లని దానిపై కటిక నలుపు. వాటిని చివరి వరుస వరకు చదివినవారే బూడిద రంగు అక్షరములను చదువలేకపోవుదురు. తెల్లని గిన్నెలో మజ్జిగ ఎంతవరకున్నదో, సందె వెలుగులో ఒకే రంగు మెట్లు ఎక్కడ ముగిసినవో వారికి తెలియదు. "అన్నీ చదివినావు గదా, ఇంక చూపునకేమి లోటు?" అని వారిని అడుగరాదు. ఆ లోటు మన పటములో లేదు. వారి బ్రతుకులో నున్నది.

కండ్లను కదల్చు నాడీ మార్గములు మెదడు కాండములో నున్నవి. అచ్చట మచ్చ ఏర్పడినచో రెండు కండ్లును కలిసి కదలవు. ఒక వస్తువు రెండుగా కనబడును. కొందరికి కనుగ్రుడ్లు అదురుచుండుటచే అక్షరములు వణకుచున్నట్లుండును. తల వెనుకకు పోవు లోపలి మార్గములలో మచ్చలు పడినచో దృశ్యములో ఒక ప్రక్క లోపించుటయు అరుదుగా కలుగును. ఇవన్నియు లేకున్నను, మెదడులోని భాగములను కలుపు దారులు దెబ్బతినుటచే చూచినదానిని గ్రహించు వేగము తగ్గును. దీనిని కొలుచుటకు గుర్తులను చూచి వాటికి సరియగు అంకెలను 90 సెకండ్లలో ఎన్ని చెప్పగలరో లెక్కించు పరీక్ష కలదు. సంతలో నలువైపుల జనము కదలుచుండగా ఇట్టివారు దిగ్భ్రమ చెందుదురు. పేరు పెట్టి పిలిచినను వెంటనే పలుకరు. అది పొగరు కాదు, మతిమాలుట కాదు. కబురు దారిలో నున్నది.

మెదడు చేతులు ముడుచుకొని కూర్చుండదు. కన్ను కోలుకొనునపుడు, ఇదివరకు అంతగా ఆ పనికి పూనుకొనని భాగములు కూడ చూపునకు తోడ్పడుచున్నట్లు గడచిన పాతికేండ్ల పరిశోధనలలో స్కానింగుల ద్వారా తెలిసినది. ఇంటి పెద్ద మంచమెక్కినపుడు తక్కినవారు తలా ఒక పని అందుకొన్నట్లు మెదడు సర్దుకొనును. కాని ఈ సర్దుబాటునకు శ్రమ అధికము. అందుచే ఇట్టివారు మధ్యాహ్నమునకే అలసిపోవుదురు. ఆ అలసటను సోమరితనమనుట అన్యాయము.

మన ఎండలు

మన ప్రాంతమువారు ప్రత్యేకముగా తెలిసికొనవలసినది ఒకటి కలదు. 1890లో ఊట్‌హోఫ్ అను జర్మన్ నేత్రవైద్యుడు, శ్రమ చేసిన వెంటనే ఇట్టివారి చూపు మసకబారి, విశ్రాంతి గొన్నపిదప మరలివచ్చుటను వ్రాసెను. అసలు కారణము శ్రమ వలన దేహము వేడెక్కుటయని తరువాత తెలిసినది. తొడుగు ఊడిన పోగులో వేడి అర డిగ్రీ పెరిగినను కబురు ఆగిపోవచ్చును. దేహము చల్లబడగనే మరల నడచును. ఇది క్రొత్త దాడి కాదు. నాడికి దీనివలన క్రొత్త హాని లేదు. కాని మే నెల ఎండలో మిరప కోయునపుడును, పొయ్యి దగ్గర చాలసేపు కూర్చున్నపుడును, జ్వరము వచ్చినపుడును, వేడినీళ్లు పోసికొన్నపుడును చూపు పోవుట ఎంత భయము కలిగించునో ఊహింపుడు. ఉదయము బాగుగా చూచి, మధ్యాహ్నము కనబడదని, సాయంకాలము మరల బాగుగా చూచిన మనిషిని ఊరు నమ్మదు. నమ్మవలెను. ఆ జబ్బు తీరే అది.

వైద్యము

దృష్టినాడి వాచినపుడు సెలైను ద్వారా మిథైల్ ప్రెడ్నిసొలోన్ అను స్టెరాయిడ్ మందును పెద్ద మోతాదులో కొన్ని దినములు ఇత్తురు. అమెరికాలో 15 కేంద్రములలో 457 మంది రోగులపై జరిపిన పరీక్ష ఫలితములు 1992లో వెలువడినవి. ఈ మందు చూపును త్వరగా తెచ్చునే గాని, ఆరు నెలల తరువాత చూచినచో మందు తీసికొన్నవారికిని, తీసికొననివారికిని పెద్ద భేదము లేదని తేలినది. అదే పరీక్షలో మామూలు మోతాదులో స్టెరాయిడ్ మాత్రలు మాత్రమే మ్రింగినవారికి వాపు మరల మరల వచ్చుట ఎక్కువయైనది. కావున పల్లెలలో చేతికందిన మాత్రలు ఇప్పించి పంపుట కూడదని గ్రామ వైద్యము చేయువారికి మీరు చెప్పవలెను.

ఆ రోగులనే 15 ఏండ్లు గమనించగా, మొదటిసారి తీసిన మెదడు స్కానింగులో మచ్చలు లేనివారిలో నూటికి 25 మందికిని, ఒక మచ్చయైనను ఉన్నవారిలో నూటికి 72 మందికిని మల్టిపుల్ స్క్లెరోసిస్ నిర్ధారణమైనది. అనగా కంటి వాపు వచ్చిన ప్రతివారికిని ఈ జబ్బు రాదు. కాని స్కానింగు తీయించుట ఏల అవసరమో దీనివలన తేటపడుచున్నది. ఈ జబ్బును సమూలముగా పోగొట్టు మందు ఇంకను లేదు. అయితే 1993 నుండి దాడులను తగ్గించు మందులు ఒకటి తరువాత ఒకటి వచ్చినవి. అవి పోయినదానిని తిరిగి తేలేవు, మిగిలినదానిని కాపాడును. అందుచే ఎంత త్వరగా మొదలిడిన అంత మేలు. 2024లో సవరించిన రోగనిర్ణయ సూత్రములలో దృష్టినాడిని కూడ జబ్బు నెలవులలో ఒకటిగా లెక్కించుటచే కంటి కబురునకు విలువ మరింత పెరిగినది.

చూపు తగ్గుటకు ఇతర కారణములును కలవని మరువరాదు. న్యూరోమైలైటిస్ ఆప్టికా అను మరియొక జబ్బు దృష్టినాడిని ఇంకను తీవ్రముగా దెబ్బతీయును. దానికి మందులు వేరు. క్షయరోగమునకు వాడు ఎథాంబ్యుటాల్ మాత్రల వలన కొందరికి రంగులు తెలియకపోవుట కలుగును. వెంటనే వైద్యునికి తెలుపవలెను. కల్తీసారాలోని మిథనాలు ఒక్కరాత్రిలో రెండు కండ్లను తీయగలదు. ఏది ఏదియో నిర్ణయించునది వైద్యుడే.

పంచాయతీలు చేయదగిన పనులు

మొదటిది. ఇరువది మొదలు నలుబది యేండ్ల లోపు వారిలో, ముఖ్యముగా స్త్రీలలో, ఒక కంటికి హఠాత్తుగా మసకయు, కన్ను కదిపిన నొప్పియు కలిగినచో, "కన్ను బాగున్నది" అను మాటతో తృప్తిపడక జిల్లా ఆసుపత్రికో, బోధనాసుపత్రికో పంపవలెను. ఈ జబ్బు పురుషులకంటె స్త్రీలకు రెండు మూడు రెట్లు అధికము. ఒక చిన్న పని ఇంటనే చేయవచ్చును. ఒక కన్ను మూసి, మరియొక కంటితో ఎఱ్ఱని వస్తువును చూడుడు. పిదప కన్ను మార్చి చూడుడు. ఒక కంటికి ఎఱుపు వెలిసినట్లున్నచో ఆలస్యము చేయరాదు. ఇది రోగనిర్ణయము కాదు. ప్రయాణమునకు కారణము మాత్రమే. ఈ సంగతి మీ ఆశా కార్యకర్తకును, అంగన్‌వాడీ కార్యకర్తకును తెలుపుడు.

రెండవది. ఇది అంటువ్యాధి కాదు. శాపము కాదు, చేతబడి కాదు. తల్లినుండి బిడ్డకు తప్పక సంక్రమించునది కాదు. ఈ జబ్బు గల స్త్రీలు వైద్యుని సలహాపై బిడ్డలను కని పెంచుచున్నారు. జబ్బు పేరు చెప్పి కోడలిని పుట్టింటికి పంపు ప్రయత్నము మీ గ్రామమున జరిగినచో పెద్దమనుషులుగా మీరు అడ్డుపడవలెను.

మూడవది. 2016లో చేసిన వికలాంగుల హక్కుల చట్టము గుర్తించిన 21 రకముల వైకల్యములలో మల్టిపుల్ స్క్లెరోసిస్ కూడ చేర్చబడినది. ఈ చట్టము 2017 ఏప్రిల్ నుండి అమలులోనికి వచ్చినది. వైకల్యము 40 శాతమునకు తగ్గకున్నచో ధ్రువపత్రము పొంది, పేదరిక నిర్మూలన పథకములలో ప్రత్యేకింపబడిన 5 శాతము వాటా వంటి సదుపాయములు పొందవచ్చును. బయటికి అవయవ లోపము కనబడలేదను నెపమున దరఖాస్తును త్రోసివేయరాదు. కాగితములు వ్రాయించుట, తోడు పోవుట పంచాయతీ చేయగల సాయము.

నాలుగవది. పంచాయతీ కార్యాలయపు మెట్ల అంచులకు పసుపుపచ్చ రంగు వేయించుడు. వీధిదీపములు వెలుగునట్లు చూడుడు. నోటీసులు పెద్ద అక్షరములతో, తెల్లని కాగితముపై నల్లగా వ్రాయించుడు. ఉపాధి పనులలో ఇట్టివారికి నీడన, చల్లని వేళలో చేయదగిన పని నిచ్చుడు. వీటికి వ్యయము స్వల్పము. చూపు మందగించిన వృద్ధులకు కూడ ఇవి ఉపయోగపడును.

సభ్యులారా! ఆ కోడలు ఇప్పుడు క్రమముగా మందు తీసికొనుచున్నది. నిరుడు మేము పోయినపుడు అత్తగారే ఆమెను అరుగుమీద నీడన కూర్చుండబెట్టి, తడిగుడ్డ మెడపై వేయుచుండెను. మమ్ము గుర్తుపట్టి, "అప్పుడు మీరు కన్ను బాగుందన్నారయ్యా" అని మాత్రమే అన్నది. కోపముతో అనలేదు. ఆ మాటకు మా వద్ద జవాబు లేదు. ప్రజలకు సమాచారమందించుటయే మా ఉద్యోగము. ఆనాడు మేము అందించినది తప్పు సమాచారము.

ఊరిలో మీ మాటకు మా మైకుకంటె బలము ఎక్కువ. ఎవరైనను మీ కడకు వచ్చి కనబడుటలేదని చెప్పినచో, కన్ను ఎంత తేటగా నున్నను, ముందు ఆ మాటను నమ్ముడు; తరువాత ఆసుపత్రికి దారి చూపుడు. ఇంతియే మా మనవి. సెలవు.